ఎల్ఫ్‌ల ఇంట్లో పొయ్యి మీద ఏముంది? ఐస్‌లాండ్ యాత్ర

మొదటి రోజు: కోపావోగుర్

ఊహాలోకాల కథల్లో ఎల్ఫ్‌లనే అద్భుత జాతి యుద్ధాలు, వంశాలు, విల్లంబులు చాలానే చదివాను. వాళ్లు పొద్దున లేచి ఏం చేస్తారో, ఆవు పాలు ఎవరు పితుకుతారో, కాన్పు కష్టమైతే ఎవరిని పిలుస్తారో మాత్రం ఆ కథల్లో పెద్దగా కనిపించదు. ఐస్‌లాండ్ పల్లెల వాళ్లు వందల ఏళ్లుగా చెప్పుకున్నవి సరిగ్గా ఈ సంగతులే. యోన్ ఆర్నాసన్ అనే లైబ్రేరియన్ దేశమంతా ఉత్తరాలు రాసి జానపద కథలు తెప్పించుకుని, 1862-64 మధ్య రెండు సంపుటాలుగా లైప్‌జిగ్‌లో అచ్చు వేయించాడు. వాటిలోని ఎల్ఫ్‌లకు గొర్రెలున్నాయి, పడవలున్నాయి, చర్చిలున్నాయి, పక్కింటివాళ్లతో తగాదాలున్నాయి. ఎల్ఫ్‌లు ఉంటారని ఆ కథలు చెప్పే రాళ్లను, గుట్టలను కళ్లారా చూసి, వాటి లోపలి కాపురాలను ఊహించుకోవాలనే ఈ ప్రయాణం. తోడుగా మా అక్క వచ్చింది. తను కాన్పుల వార్డులో నర్సు. కారు కూడా తనే నడుపుతుంది.

రాజధాని రేక్యావిక్‌కు ఆనుకునే ఉన్న ఊరు కోపావోగుర్. మామూలు ఇళ్లు, ఆపి ఉన్న కార్లు, మధ్యలో ఒక రోడ్డు. ఆ రోడ్డు ఒక చోట ఉన్నట్టుండి సన్నబడుతుంది. పక్కన గడ్డి మొలిచిన చిన్న రాతి గుట్ట, పేరు ఆల్ఫ్‌హోల్. ఎల్ఫ్‌ల గుట్ట అన్నమాట. 1930లలో రోడ్డు వేసేటప్పుడు దీన్ని తొలిచేద్దామనుకున్నారని, డబ్బు అయిపోయి పని ఆగిందని, తర్వాత మళ్లీ మొదలుపెడితే పనిముట్లు విరిగాయని చెబుతారు. చివరికి గుట్ట అలాగే ఉంది, రోడ్డే పక్కకు ఒదిగింది. అక్కడ గుడి లేదు, దండలు లేవు. ముందు నుంచీ ఉన్న కాపురానికి చోటు వదిలారు, అంతే. నాకు అదే నచ్చింది.

రాత్రి పదకొండు దాటినా వెలుతురు తగ్గలేదు. నిద్ర పట్టక అక్కకు ఈవ్ కథ చెప్పాను. దేవుడు ఆదాము ఇంటికి వచ్చాడు. ఈవ్ తన పిల్లల్ని చూపించింది గానీ, ఇంకా స్నానం చేయించని కొందరిని సిగ్గుపడి దాచేసింది. ఇంకెవరూ లేరా అని దేవుడు అడిగితే లేరంది. నా నుంచి దాచినవాళ్లు మనుషుల నుంచీ దాగే ఉంటారన్నాడు. ఆ పిల్లల సంతానమే హుల్దుఫోల్క్, అంటే ఈ దాగిన జనం. ఈ కథ ప్రకారం ఎల్ఫ్‌లు పరాయి జాతి కానే కాదు, మన పెద్దమ్మ చిన్నమ్మల పిల్లలు. వాళ్ల రూపం కూడా మనుషుల రూపమే. వాళ్లకు మనం కనిపిస్తాం, వాళ్లు తలచుకుంటే తప్ప మనకు వాళ్లు కనిపించరు.

రెండో రోజు: హఫ్నర్‌ఫ్యోర్దుర్

ఈ ఊరు లావా మీద కట్టిన ఊరు. బూర్ఫెల్ అనే అగ్నిపర్వతం నుంచి సుమారు 8,000 ఏళ్ల క్రితం పారిన లావా, గడ్డకట్టి, పగిలి, నాచు పట్టి, ఇళ్ల పెరట్లలోకి కూడా వచ్చేసింది. 1923లో మొదలైన హెల్లిస్‌గెర్ది పార్కులో ఆ రాళ్ల మధ్య నడుస్తుంటే ప్రతి పగులూ ఒక గుమ్మంలాగే కనిపిస్తుంది. పిల్లలు రాళ్ల సందుల్లోకి తొంగి చూస్తున్నారు. గురి చూడకుండా రాయి విసరకూడదని, కనిపించని ఎవరికైనా తగులుతుందని ఇక్కడి పెద్దలు పిల్లలకు చెప్పే మాట. ఎంత మంచి పెంపకం!

మధ్యాహ్నం దగ్గర్లోని గాల్గాహ్రౌన్ లావా మైదానానికి వెళ్లాం. దీని మీదుగా కొత్త రోడ్డు వేయడాన్ని వ్యతిరేకిస్తూ 2013లో జనం యంత్రాలకు అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు వాళ్లను ఎత్తుకెళ్లారు. ప్రపంచమంతా దాన్ని ‘ఎల్ఫ్‌ల కోసం గొడవ’ అని వార్తలు రాసింది గానీ, వాళ్లలో చాలామంది పోరాడింది అరుదైన లావా నేల కోసం. ఎల్ఫ్‌ల చర్చిగా పేరున్న ఓఫెయిగ్స్‌కిర్క్యా అనే బండ కూడా ఆ దారిలోనే ఉండేది. సుమారు 70 టన్నుల ఆ బండను 2015లో క్రేనుతో ఎత్తి పక్కన పెట్టారు. ఇప్పుడు దాని చుట్టూ నాచు మళ్లీ అల్లుకుంటోంది.

ఇవన్నీ నిజంగా నమ్ముతారా అనే ప్రశ్నకు ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006-07లో చేసిన సర్వే జవాబు చెబుతుంది. ఎల్ఫ్‌లు కచ్చితంగా ఉన్నారన్నవాళ్లు 8 శాతమే. అసలు ఉండే వీలే లేదన్నవాళ్లు కూడా 13 శాతమే. మిగతా అందరూ మధ్యలో ఎక్కడో ఉన్నారు. అందరికంటే ఎక్కువమంది, 37 శాతం, ‘ఉండొచ్చు’ అన్నారు. ఆ ‘ఉండొచ్చు’ నాకు చాలా మర్యాదగా అనిపిస్తుంది. చట్టంలోనూ దానికి చోటుంది. 2012 నాటి 80వ నంబరు సాంస్కృతిక వారసత్వ చట్టం ప్రకారం, నూరేళ్లు దాటిన పురావస్తు స్థలాల్లో జానపద నమ్మకాలతో ముడిపడిన చోట్లు కూడా లెక్కకు వస్తాయి.

మూడో రోజు: తుంగుస్తాపి

రేక్యావిక్ నుంచి ఉత్తరంగా వెళ్లి పశ్చిమాన ఉన్న దాలిర్ ప్రాంతం చేరాం. సైలింగ్స్‌దాలుర్ లోయలో పచ్చిక మధ్య ఒంటరిగా నిలబడిన రాతి దిబ్బ తుంగుస్తాపి. పొడుగ్గా, మీద గడ్డితో ఉంటుంది. ఎల్ఫ్‌ల బిషప్పు ఉండేది, వాళ్ల పెద్ద చర్చి ఉన్నదీ ఇక్కడేనట.

కథ రెండు కుటుంబాల మధ్య నడుస్తుంది, ఒకటి పొలం ఇంటిది, ఒకటి రాతి ఇంటిది. పొలం ఇంటి ఆసామికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు స్వెయిన్‌కు ఊళ్లో ఆటలు పట్టవు, ఎప్పుడూ ఈ దిబ్బ దగ్గరే తిరుగుతుంటాడు. ఒక కొత్త సంవత్సరపు రాత్రి కనిపించకుండా పోయాడు. వెతుక్కుంటూ వచ్చిన అన్నకు దిబ్బ తెరుచుకుని కనిపించింది. లోపల వరుసలుగా దీపాలు, పాటలు. బలిపీఠం ముందు స్వెయిన్ మోకాళ్ల మీద ఉన్నాడు. పూజారి వస్త్రాల్లో ఉన్న ఎల్ఫ్‌లు చుట్టూ నిలబడి అతని తల మీద చేతులుంచుతున్నారు. అన్న గట్టిగా పేరు పెట్టి పిలిచాడు. స్వెయిన్ వెనక్కి తిరిగాడు, అతన్ని పూజారిని చేసే పని అక్కడితో ఆగిపోయింది. పూజారి వస్త్రాల్లో ఉన్న తనను మళ్లీ చూసిన మరుక్షణం చనిపోతావని ఎల్ఫ్‌ల బిషప్పు స్వెయిన్‌కు చెప్పాడు. అన్న ఆ రాత్రి తర్వాత బతకలేదు. స్వెయిన్ హెల్గాఫెల్ మఠంలో సన్యాసి అయ్యాడు. ఏళ్లు గడిచాక, ముసలి తండ్రి మంచం మీద నుంచి కబురు పెట్టి ఈస్టర్ ప్రార్థన నువ్వే చేయాలన్నాడు. ప్రార్థన మధ్యలో చర్చి తలుపు తెరుచుకుంది. ఎదురుగా దిబ్బ తలుపూ తెరుచుకుంది. స్వెయిన్ తిరిగి చూసి అక్కడే కూలిపోయాడు. ఆ తర్వాత రెండు తలుపులూ ఎదురెదురుగా లేకుండా ఊరివాళ్లు తమ చర్చిని వేరే చోటికి మార్చారు.

దిబ్బ కింద గడ్డిలో కూర్చుని చాలాసేపు ఆ చివరి భాగమే ఆలోచించాను. వాళ్లకూ ఈస్టర్ ఉంది. అదే రోజు, అదే వేళకు. ఎల్ఫ్‌లకు పాత దేవతలో, చెట్లో పుట్టలో ఉంటాయనుకుంటాం. ఇక్కడివాళ్లకు బిషప్పు ఉన్నాడు, అతని కింద పనిచేసే చిన్న పూజారులు ఉండి ఉంటారు, కొవ్వొత్తులు చేసేవాళ్లు, గంట కొట్టేవాడు, వస్త్రాల అంచులు కుట్టే ఆడవాళ్లు ఉండి ఉంటారు. పండగ ముందు రోజు ఆ దిబ్బ లోపల ఎంత హడావుడి! పాట సరిగ్గా రాని కుర్రాడిని ఎవరో కసురుతూ ఉంటారు. పొలం ఇంటివాళ్లు తమ గుడిసెలాంటి చర్చిలో చలికి వణుకుతూ పాడుతుంటే, ఎదురుగా రాతిలో అంతా వెలుగే.

నాలుగో రోజు: గ్లౌంబైర్

అసలు ఎల్ఫ్‌ల ఇల్లు చూడాలంటే ముందు మనుషుల ఇల్లు చూడాలని అక్క అంది. అందుకే స్కాగాఫ్యోర్దుర్‌లోని గ్లౌంబైర్‌కు వెళ్లాం. 18వ, 19వ శతాబ్దాల్లో కట్టిన మట్టి ఇళ్ల సముదాయం ఇది, ఇప్పుడు మ్యూజియం. నేలను పచ్చికతో సహా పెళ్లలుగా కోసి గోడలు పేర్చారు. పైకప్పు మీద కూడా గడ్డే. దూరం నుంచి చూస్తే ఇళ్లు కాదు, గుట్టలే. మనుషులే గుట్టల్లో కాపురం ఉన్న దేశంలో, పక్క గుట్టలో ఇంకెవరో ఉన్నారనుకోవడం ఎంత సహజం!

చీకటి నడవ గుండా లోపలికి వెళ్తే బద్‌స్తోవా వస్తుంది. ఇంటిల్లిపాదీ పడుకునే, తినే, పనిచేసే గది. రెండు వైపులా పొట్టి మంచాలు. చలికాలం సాయంత్రాలు అందరూ ఇక్కడ చేరి ఉన్ని ఏకుతూ, వడుకుతూ ఉంటే ఒకరు కథ చదివేవారు లేదా చెప్పేవారు. చేప కాలేయపు నూనెతో వెలిగే దీపం, అదీ పొదుపుగా. ఎల్ఫ్ కథలు పుట్టిన గది ఇదే. ఇక్కడ నిలబడ్డాక కథల్లో ఎల్ఫ్‌ల ఇళ్లలో అన్ని దీపాలు ఎందుకు వెలుగుతాయో, వాళ్ల బట్టలు నీలంగా ఎర్రగా ఎందుకుంటాయో నాకు అర్థమైంది. ఈ గదిలో ఏది తక్కువో, ఆ రాతిలో అది ఎక్కువ.

ఫూసి కథ చూడండి. కొత్త సంవత్సరపు రాత్రి నాలుగు దారులు కలిసే చోట కూర్చుంటే ఎల్ఫ్‌లు వస్తారు. బంగారం, బట్టలు, తిండి తెచ్చి తీసుకోమని బతిమాలతారు. తెల్లారేదాకా మాట్లాడకుండా, దేన్నీ ముట్టకుండా కూర్చుని, దేవుడికి స్తోత్రం చెప్పి తెల్లారిందంటే అవన్నీ నీవే. ఫూసి అన్నిటినీ తట్టుకున్నాడు. చివర్లో ఒక ఎల్ఫ్ స్త్రీ వేడి వేడి కొవ్వు తెచ్చింది. ‘కొవ్వును నేనెప్పుడూ పెద్దగా కాదనలేదు’ అని ఒక్క ముక్క కొరికాడు. మతి పోయింది. బంగారాన్ని కాదన్నవాడు కొవ్వుకు లొంగిపోయాడు! ఎండు చేప తిని చలికాలం గడిపినవాడి ఆకలి ఇందులో ఉంది. ఎల్ఫ్ పొయ్యి మీద ఏముంటుందన్న నా ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది. వాళ్ల పొయ్యి మీద ఉన్నది కరుగుతున్న గొర్రె కొవ్వు. అమృతాలూ మంత్రపు రొట్టెలూ ఏమీ కాదు.

అదే రాత్రి ఎల్ఫ్‌లు ఇళ్లు మారతారు. ఇక్కడి కౌలు రైతులు ఇల్లు మారే రోజులు వసంతం చివర్లో వచ్చేవి. ఎల్ఫ్‌లకు మాత్రం అది నడిచలికాలంలో. కాబట్టి ఇల్లాలు ఆ రోజు ఇల్లంతా ఊడ్చి, మూల మూలనా దీపం పెట్టి, ఇంటి చుట్టూ తిరుగుతూ అనేది: ‘వచ్చేవాళ్లు రండి, పోయేవాళ్లు పోండి, నాకూ నావాళ్లకూ కీడు లేకుండా.’ అలసిపోయిన కుటుంబాలు, మూటలు కట్టిన గుర్రాలు, నిద్రమత్తులో పిల్లలు, ఒక రాయి నుంచి ఇంకో రాయికి. దారిలో ఎవరో దీపం పెట్టి ఉంచిన ఇల్లు కనిపిస్తే ఆ ప్రయాణికులకు ఎంత ధైర్యం! కొత్త రాయిలో అద్దె ఎవరికి కడతారో, పాత రాయిని ఎవరు శుభ్రం చేస్తారో కథలు చెప్పవు. నేనే ఊహించుకున్నాను. ముందున్నవాళ్లు పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పి వెళ్తారని.

అక్కను కదిలించింది మంత్రసాని కథలు. నొప్పులు పడుతున్న ఎల్ఫ్ స్త్రీకి మనిషి చేయి తగిలితే గానీ కాన్పు కాదు. అర్ధరాత్రి ఎవరో వచ్చి పల్లె ఆడమనిషిని రాతిలోకి తీసుకెళ్తాడు. బిడ్డ పుట్టాక దాని కళ్లకు రాయమని ఒక లేపనం ఇస్తారు. ఆమె దాన్ని తన కంటికీ కాస్త రాసుకుంటుంది. అప్పటి నుంచి ఎల్ఫ్‌లు కనిపిస్తారు. ఒక రోజు అంగడిలో అదే ఎల్ఫ్ స్త్రీ కనిపించి, చూపు సంగతి తెలుసుకుని ఆ కంటి మీద ఉమ్మి చూపు తీసేస్తుంది.

‘అన్నీ ఉన్నవాళ్లకు కూడా ఆ ఒక్క రాత్రి ఇంకో ఆడదాని చేయి కావాలన్నమాట’ అంది అక్క. ‘ఈ గదిలో కన్నవాళ్లే కట్టి ఉంటారు ఈ కథ. మంచు పడితే మంత్రసాని వస్తుందో రాదో తెలియదు కదా.’ తను మంచం అంచు మీద చేయి వేసి నిలబడింది. ఇన్నేళ్లు కాన్పులు చూసిన మనిషి మాట. నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికంటే నాకు అదే సరిగ్గా అనిపించింది.

మార్చి పెట్టిన బిడ్డల కథలు మాత్రం చదవడం కష్టం. నాలుగేళ్ల పిల్లాడు ఒక్కసారిగా మారిపోయి, మాట పోయి, ఎప్పుడూ ఏడుస్తుంటాడు. వాడు తన బిడ్డ కాదని, ఎల్ఫ్‌లు మార్చేశారని తల్లి అనుకుంటుంది. పక్కింటామె సలహా మీద చిన్న కుండలో, పొగగొట్టం దాకా పొడుగున్న కర్రతో గంజి కలిపి పెడుతుంది. వాడు చూసి అంటాడు: ‘నా గడ్డం చూస్తే తెలుస్తుంది నా వయసు, ఎల్ఫ్‌ల లోకంలో పద్దెనిమిది మంది పిల్లల తండ్రిని, ఇంత చిన్న కుండలో ఇంత పొడుగు కర్ర ఎప్పుడూ చూడలేదు.’ తల్లి వాడిని కొట్టడం మొదలుపెడితే ఎల్ఫ్ స్త్రీ పరిగెత్తుకొచ్చి అసలు బిడ్డను తిరిగి ఇస్తుంది. ‘నేను నీ బిడ్డను ముద్దు చేస్తుంటే నువ్వు నా భర్తను కొడతావా’ అంటుంది. జబ్బు చేసిన పసివాళ్లు ఎందరు ఈ కథ వల్ల దెబ్బలు తిన్నారో అనే దిగులు నన్ను వదలలేదు. అయినా ఆ ఎల్ఫ్ స్త్రీ మాట గుర్తుండిపోతుంది. ఎత్తుకెళ్లిన బిడ్డను ఆమె ప్రేమగానే పెంచింది.

ఐదో రోజు: ఆస్‌బిర్గి

అకురెయిరి, హూసావిక్ మీదుగా ఉత్తరానికి. ఆస్‌బిర్గి గుర్రపు డెక్క ఆకారంలో ఉన్న లోయ, సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవు, లోపలి చివర వంద మీటర్ల ఎత్తు రాతి గోడలు. మంచుయుగం తర్వాత హిమానీనదాల నుంచి దూకిన వరదలు కోసిన చోటు. ఓడిన్ అనే పాత దేవుడి గుర్రం కాలు మోపిన గుర్తని ఒక కథ, ఎల్ఫ్‌ల రాజధాని అని ఇంకో కథ. బర్చ్ చెట్లు, చివర్లో చిన్న కొలను, గోడ మీద సముద్రపక్షుల గోల. చాలా అందంగా ఉంది. ఎందుకో నా ఊహ మాత్రం కదల్లేదు. రాజధానుల కంటే పొలం ఇళ్ల మీదే నా మనసు.

ఆరో రోజు: తూర్పు దారి

దాదాపు అంతా కారులోనే. సాయంత్రం ఎయిల్స్‌తాదిర్ దగ్గర ఒక పొలం ఇంట్లో గది తీసుకున్నాం. కోతకొచ్చిన గడ్డి మధ్య ఒక వాలు చూపించి, అక్కడ మాత్రం మేం కోయం అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. ఇలాంటి చోట్లను ఆలాగాబ్లెట్తుర్ అంటారు. అక్కడి గడ్డి ఎల్ఫ్‌ల పశువులది, కోస్తే ఇంట్లో ఆవో గుర్రమో చస్తుందని నమ్మకం. నమ్ముతారా అని అడిగాను. మా తాతా కోయలేదు, నాన్నా కోయలేదు, ఆ పది మోపులతో నాకేం తక్కువైంది అన్నాడు. కోయని చోట పూలు, పురుగులు ఎంత ఉన్నాయో! ఆ గడ్డి కోసం రాత్రుళ్లు వచ్చే ఆవులు ఎలా ఉంటాయోనని నిద్రపోయేదాకా మాట్లాడుకున్నాం.

ఏడో రోజు: బోర్గర్‌ఫ్యోర్దుర్ ఎయ్‌స్త్రి

ఎయిల్స్‌తాదిర్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, కొండ కనుమ దాటి సముద్రం వైపు దిగే దారి. బక్కాగెర్ది అనే చిన్న పల్లె. పల్లె పక్కనే ఆల్ఫాబోర్గ్, ఎల్ఫ్‌ల రాణి కోట అనే పేరున్న రాతి గుట్ట. పది నిమిషాల్లో ఎక్కేయవచ్చు. పైన నిలబడితే ఒక వైపు సముద్రం, ఒక వైపు ద్యూర్‌ఫ్యోల్ కొండల నోరు తెరిచిన శిఖరం.

గుట్ట పక్కనే 1901లో కట్టిన చర్చి. దాని బలిపీఠం మీది బొమ్మను 1914లో వేసింది యోహన్నెస్ క్యార్వాల్, ఈ ప్రాంతంలోనే పెరిగిన చిత్రకారుడు. కొండ మీద ప్రసంగం చేస్తున్న క్రీస్తు. ఆ కొండ ఆల్ఫాబోర్గే, వెనకాల ద్యూర్‌ఫ్యోల్. క్రీస్తు ఎల్ఫ్‌ల ఇంటి కప్పు మీద నిలబడి మాట్లాడుతున్నాడు! తుంగుస్తాపి దగ్గర రెండు చర్చిలు ఒకదాన్నొకటి చూడలేకపోయాయి. ఇక్కడ ఒకే బొమ్మలో కలిసిపోయాయి. మా ఇద్దరికీ చాలాసేపు కదలబుద్ధి కాలేదు.

ఈ రాణి పేరు బోర్గ్‌హిల్దుర్. ఆమె గురించి చెప్పుకునే కథలో సింహాసనం లేదు. ఒక ఆదివారం ఇంటివాళ్లంతా చర్చికి వెళ్తే ఒక పనిపిల్ల ఒక్కతే ఇంట్లో ఉండి వెన్న చిలుకుతోంది. రంగు రంగుల బట్టల్లో కొంతమంది గుర్రాల మీద అటుగా పోతూ కనిపించారు, తమ చర్చికి వెళ్తున్నారు. వాళ్లలో ఒకామె దిగి వచ్చి తాగడానికి మజ్జిగ అడిగింది. పిల్ల పోసింది. పేరడిగితే బోర్గ్‌హిల్దుర్ అంది. పోతూ ఒక మంచి వస్త్రం ఇచ్చి వెళ్లింది.

సాయంత్రం ఆ గుట్ట కింద కూర్చుని రాణిగారి ఆదివారాన్ని మొదటి నుంచి ఊహించాం, అక్క ఒక మాట, నేను ఒక మాట. తెల్లవారకముందే గొర్రెలను పితకాలి, ఎందుకంటే ఎల్ఫ్‌లకైనా ఆదివారమని పాలు ఆగవు. రాణికీ పని ఉంటుంది. పాలగదిలో తొట్లు లెక్క చూసేది ఆమే. పిల్లల జుట్లు దువ్వి జడలు వేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకడికి చెప్పు దొరకదు. గుర్రాల జీనులు నిన్న రాత్రే తుడిచి ఉంచారు. బయల్దేరేసరికి ఆలస్యమైంది, పొద్దున ఏమీ తినలేదు, లోయలో ఎండ. దారిలో చిలుకుతున్న చప్పుడు వినిపించింది.

‘కోటలో అన్ని ఆవులుండి పక్కింట్లో మజ్జిగ అడగడమేంటి?’ అన్నాను.

‘వేరే ఇంటి మజ్జిగ ఎప్పుడూ బాగుంటుంది. పైగా ఆ పిల్ల ఒంటరిగా ఉంది, పలకరించాలనిపించి ఉంటుంది’ అంది అక్క.

రేపు పొద్దున ఆ గుర్రాల దారిలోనే కొంతదూరం నడవాలి. ఎల్ఫ్‌ల చర్చి బండ ఉన్న లోయ ఈ ఊరికి ఎగువన ఉంది. వాగు దాటడం గురించి పల్లెలో అడిగితే, కరిగిన మంచు నీళ్లు సాయంత్రానికి పెరుగుతాయి, పెందలాడే వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేయమన్నారు. రొట్టె, జున్ను, ఫ్లాస్కు సర్దుకున్నాం. ఆరింటికి బయల్దేరుతున్నాం.